కరెంటు పోయి వచ్చినా నిలబడే స్మార్ట్ బల్బు ఏది? బెజవాడ ఇళ్లలో వైఫై, జిగ్‌బీ, థ్రెడ్ రకాల రివ్యూ

స్మార్ట్ బల్బు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కోటీ అరవై లక్షల రంగుల సంగతి. కొన్న రెండో వారానికి ఆ రంగుల జోలికి పోయేవాళ్లు తక్కువే. పసుపు, తెలుపు, రాత్రిపూట సన్నటి వెలుతురు, వీటితోనే రోజులు గడిచిపోతాయి. బెజవాడలో ఒక బల్బు హోల్డర్లో నిలుస్తుందా, మళ్లీ డబ్బాలోకి పోతుందా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి. కరెంటు పోయి వచ్చాక అది ఎలా లేస్తుంది? గోడ మీద స్విచ్చి ఎవరో ఆపేస్తే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు బల్బు లోపలి రేడియోలోనూ, యాప్‌లో ఎవరూ తెరవని ఒకటి రెండు సెట్టింగుల్లోనూ ఉంటుంది. అందుకే ఈ రివ్యూ కంపెనీల వారీగా కాదు, రేడియోల వారీగా. వైఫై, జిగ్‌బీ, థ్రెడ్ అన్నవి బల్బు గాలిలో మాట్లాడుకునే రేడియో రకాలు.

లెక్క ఏ ఇంటికో ముందే చెప్పుకుందాం. పటమటలోనో సత్యనారాయణపురంలోనో ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. హాల్లో టీవీ పక్కన ఫైబర్ నెట్టు వాళ్లు బిగించిన రౌటరు. లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలు, బయటివి తొమ్మిది. బెడ్‌రూంలో సరిగ్గా రౌటరుకీ మంచానికీ మధ్య గోడకు ఆనించి ఇనప బీరువా. ఫోన్లో వైఫై జాబితా తెరిస్తే పైనా కిందా పక్కనా ఉన్నవాళ్ల పేర్లే పాతిక. డబ్బా మీద రాసే ‘ముప్పై మీటర్ల రేంజి’ ఇలాంటి ఇంట్లో పనికిరాని మాట. కాంక్రీటు, ఇటుక కలిసి సిగ్నల్ని సగానికి తగ్గిస్తే, మిగిలినదాన్ని బీరువా ఆపేస్తుంది.

హోల్డర్ సంగతి ఒక్క ముక్కలో: మన ఇళ్లలో ఎక్కువ భాగం పిన్ను హోల్డర్లు, అంటే బి22. విదేశీ బ్రాండ్లలో చాలా బల్బులు మరలున్న ఇ27. మార్చుకునే అడాప్టరు ఏ షాపులోనైనా దొరుకుతుంది గానీ, దాంతో బల్బు రెండంగుళాలు కిందికి వేలాడుతుంది. గ్లోబులో పట్టకపోవచ్చు. కొనేముందు కొలుచుకోండి.

వైఫై బల్బులు

ఫిలిప్స్ విజ్, విప్రో, ఇంకా ఆన్‌లైన్లో కనిపించే పేర్లలో చాలా వరకు ఇవే. 9 వాట్ల రంగుల బల్బు అటూ ఇటూగా ₹500 నుంచి ₹1,000. హబ్, అంటే బల్బులకీ ఇంటి నెట్టుకీ మధ్య ఉండే పెట్టె, అక్కర్లేదు, ఉన్న రౌటరు చాలు. మొదటిసారి కొనేవాళ్లకు ఇంతకంటే తేలిక దారి లేదు. నాలుగు బల్బుల దాకా ఇవే తీసుకోమని చెబుతాం.

ఇబ్బంది మొదలయ్యేది జత చేసే దగ్గర. ఈ బల్బులు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే వింటాయి. నెట్టు వాళ్లిచ్చే రౌటర్లు 2.4నీ 5నీ ఒకే పేరుతో కలిపి వదులుతాయి. ఫోను 5 మీద కూర్చుంటుంది, బల్బు 2.4 మీద వెతుకుతుంది, యాప్ నూటికి ఎనభై దాకా పోయి ఆగిపోతుంది. బల్బు పాడైందని వెనక్కి పంపేవాటిలో ఇలాంటివే ఎక్కువ ఉంటాయి. రౌటరు అడుగున అతికించిన చీటీ మీద అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ పేజీలోకి వెళ్లి 2.4కి వేరే పేరు పెట్టండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, గుర్తులూ ఎమోజీలూ వద్దు. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 ఉంచండి. డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెడితే చాలా బల్బులు దగ్గరికే రావు. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి, 40 వద్దు. ఛానల్ ‘ఆటో’ తీసేసి 1, 6, 11లో పక్కింటివాళ్లు తక్కువగా ఉన్నదాన్ని పెట్టండి. గెస్ట్ నెట్‌వర్కులో కలపకండి. అక్కడ ఒక పరికరానికి ఇంకోటి కనిపించకుండా తలుపు వేసి ఉంటుంది, ఫోను బల్బుతో మాట్లాడలేదు.

ఇక ఫోన్ వైపు: జత చేసే ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా ఆపండి, వీపీఎన్ ఉంటే తీసేయండి, యాప్‌కి లొకేషన్, బ్లూటూత్ అనుమతి ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో లొకేషన్ ఆపి ఉంటే చుట్టుపక్కల వైఫై పేర్లు యాప్‌కి కనపడవు. బల్బుకి మన అడ్రసు ఎందుకని చిరాకు పడతాం గానీ అసలు కారణం అది.

నెట్టు కంపెనీ మార్చేవాళ్లు ఈ ఒక్క చిట్కా రాసిపెట్టుకోవాలి. కొత్త రౌటరుకు పాత 2.4 పేరునీ పాత పాస్‌వర్డునీ అక్షరం పొల్లు పోకుండా, పెద్దక్షరం చిన్నక్షరం తేడా లేకుండా పెట్టండి. బల్బులకు రౌటరు మారిన సంగతే తెలియదు, వాటంతట అవే వచ్చి కలుస్తాయి. లేదంటే ఎనిమిది బల్బులకు ఎనిమిదిసార్లు కుర్చీ ఎక్కాలి.

సిగ్నల్ సరిపోతుందో లేదో బల్బు కొనకముందే చూసుకోవచ్చు. వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుని, ఫోన్ని హోల్డర్ దగ్గరికి పైకెత్తి పట్టుకోండి. అంకె −70 దాకా కిందికి పోకుండా ఉంటే నిశ్చింత. −75 దాటి కిందికి పోతే ‘డివైస్ ఆఫ్‌లైన్’ అన్న మాట తరచూ చూస్తారు. ఫోను యాంటెన్నా బల్బుదాని కంటే మెరుగు కాబట్టి ఇంకో అయిదు తీసేసి లెక్కేసుకోండి. బల్బు యాంటెన్నా ప్లాస్టిక్ టోపీ కింద చిన్న గీతంత ఉంటుంది. దాని మీద ఇత్తడి షేడో, స్టీలు గొట్టం లాంటి ఫిట్టింగో బిగిస్తే చెవులు మూసినట్టే.

ఎన్ని బల్బులు పట్టుకుంటుందన్నది రౌటరును బట్టి. ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు కలిపి పదిహేను, ఇరవై దాటితే తడబడే ఉచిత రౌటర్లు చాలా ఉన్నాయి. పది బల్బులు వైఫై మీదే పెట్టాలనుకుంటే ముందు మంచి రౌటరు కొనాలి. అప్పుడు ఖర్చు జిగ్‌బీ హబ్‌తో సమానమైపోతుంది.

నెట్టు పోతే? వైఫై ఉండి ఇంటర్నెట్ మాత్రం పోయినప్పుడు విజ్ బల్బులు అదే వైఫైలో ఉన్న ఫోన్ మాట వింటాయి. హోమ్ అసిస్టెంట్ లాంటి సొంత సర్వరు పెట్టుకున్నా నేరుగా పలుకుతాయి. టుయా అనే ప్లాట్‌ఫారం మీద నడిచే బల్బులు, విప్రోవీ ఆ కోవలోవే, ఫోన్ యాప్‌కి లోపలి దారిలో చాలావరకు పలుకుతాయి. హోమ్ అసిస్టెంటుకు క్లౌడ్, అంటే ఇంటర్నెట్లో ఉండే కంపెనీ సర్వర్లు, లేకుండా కలపాలంటే మాత్రం ఒక్కో బల్బుకు ‘లోకల్ కీ’ తవ్వి తీయాలి. ఏ బల్బయినా స్పీకరుకు చెప్పే మాట ఎక్కువగా క్లౌడ్ దాకా పోయి రావాల్సిందే కాబట్టి, నెట్టు లేనప్పుడు అలెక్సా సాయం పట్టదు. పేర్ల విషయంలోనూ జాగ్రత్త: ఇక్కడి ఎకో స్పీకర్లు వినేది ఇంగ్లీషు, హిందీ. ‘దేవుడి గది’ అని పేరు పెట్టి నాలుగుసార్లు అరిచే బదులు ‘పూజా లైట్’ అని పెడితే పని జరుగుతుంది.

విజ్‌లో మాకు బాగా నచ్చింది గోడ స్విచ్చితో పనిచేసే చిన్న సదుపాయం. స్విచ్చి మామూలుగా వేస్తే ఒక వెలుతురు, వెంటనే ఒకసారి తీసి వేస్తే రెండో వెలుతురు. మొదటిది తెలుపు, రెండోది సన్నటి పసుపు అని పెట్టేస్తే ఫోన్ ముట్టుకోని నాయనమ్మ కూడా స్మార్ట్ బల్బు వాడేసినట్టే. డబ్బా మీద దీని గురించి పెద్దగా ప్రచారం ఉండదు, ఎందుకో.

గాలివాన పరీక్ష

మే నెల సాయంత్రం గాలివాన మొదలైంది అనుకోండి. కరెంటు ఒకసారి పోతుంది, రెండు సెకన్లలో వస్తుంది, మళ్లీ పోతుంది, మళ్లీ వస్తుంది, ఆ తర్వాత గంటన్నర పోతుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బుకి ఇందులో విశేషమేం లేదు. స్మార్ట్ బల్బుకు మాత్రం ఇది ఒక ఆదేశం. చాలా బల్బుల్లో రీసెట్ బటన్ ఉండదు. స్విచ్చి గబగబా ఇన్నిసార్లు వేసి తీస్తే అన్నీ మరిచిపోయి కొత్తగా జత అవడానికి సిద్ధపడతాయి. కొన్నింటికి ఆ లెక్క మూడు, కొన్నింటికి అయిదు. గాలివాన మూడుసార్లు ‘స్విచ్చి వేసేస్తే’ బల్బు దాన్ని మీ ఆజ్ఞే అనుకుంటుంది. కరెంటు నిలకడగా వచ్చాక హాల్లో బల్బు టపటపా కొట్టుకుంటూ కనిపిస్తే అది పాడవలేదు, పెయిరింగ్‌లో ఉంది. కొన్ని రకాలైతే స్విచ్చి ఆపి పది సెకన్లు ఆగి ఒక్కసారి వేస్తే పాత వైఫైకే తిరిగి వెళ్తాయి. అన్నీ వెళ్లవు.

కాబట్టి రీసెట్ లెక్క ఎంత పెద్దదైతే మన ఊరికి అంత మేలు. ఐకియా జిగ్‌బీ బల్బులకు అది ఆరు. ఫిలిప్స్ హ్యూ బల్బులు మామూలుగా స్విచ్చి కొట్టుడుకి రీసెట్ అయ్యేవే కావు, యాప్ నుంచో దాని డిమ్మర్ రిమోటు దగ్గర పెట్టో చేయాలి. హ్యూ ధర చూసి ముఖం తిప్పుకునేవాళ్లు ఈ ఒక్క గుణానికైనా ఇంకోసారి ఆలోచించాలి.

రెండో సంగతి, కరెంటు వచ్చాక ఎలా లేస్తుందన్నది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అలవాటు ప్రకారం చాలా బల్బులు నూటికి నూరు శాతం వెలుగుతూ లేస్తాయి. రాత్రి రెండింటికి కరెంటు వస్తే బెడ్‌రూముల్లో, హాల్లో, బాల్కనీలో అన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి. పసిపిల్లలున్న ఇంట్లో స్మార్ట్ బల్బుల మీద విరక్తి పుట్టించేది ఇదే. దీనికి విరుగుడు ప్రతి మంచి యాప్‌లోనూ ఉంది, పేరు మాత్రం తలో రకం. హ్యూలో ‘పవర్-ఆన్ బిహేవియర్’ కింద ‘పవర్ లాస్ రికవరీ’. అది పెడితే పోయేముందు ఆరి ఉన్న బల్బు ఆరే ఉంటుంది. టుయా రకాల్లో ‘డూ నాట్ డిస్టర్బ్’ అని ఒకటి ఉంటుంది. అది వేసి పెడితే కరెంటు వచ్చినా బల్బు వెలగదు. కావాలంటే గోడ స్విచ్చి రెండుసార్లు కొట్టాలి.

ఇందులో ఒక మెలిక. ‘పోయేముందున్న స్థితి’ అని పెట్టిన బల్బును ఫోన్‌తో ఆపేసి, తర్వాత ఎవరైనా గోడ స్విచ్చి తీసి వేస్తే అది వెలగదు. ఇంట్లోవాళ్లు బల్బు మాడిపోయిందనుకుంటారు. అందుకని బెడ్‌రూముల్లో ఈ సెట్టింగు పెట్టి, హాల్లోనూ బాత్‌రూం దారిలోనూ పాత అలవాటే ఉంచడం మేలు. రాత్రి లేచిన పెద్దాయన స్విచ్చి వేస్తే లైటు రావాలి, అంతే.

ఇన్వర్టరున్న ఇళ్లలో కథ కాస్త వేరు. లైట్లు ఇన్వర్టర్ లైను మీద ఉంటే బల్బుకి కరెంటు పోయినట్టే తెలియదు, మధ్యలో లైను మారే క్షణం తప్ప. ఆ క్షణం ఎంతన్నది ఇన్వర్టరు వెనక ఉండే చిన్న స్విచ్చి తేలుస్తుంది. చాలా హోమ్ ఇన్వర్టర్లకు ఎకో, యూపీఎస్ అని రెండు స్థానాలుంటాయి. ఎకోలో ఉంటే మారడానికి పట్టే సమయం ఎక్కువ, బల్బు లోపలి చిప్పు ఆరి మళ్లీ లేస్తుంది, అది ఒక ‘స్విచ్చి దెబ్బ’ కింద లెక్కకొస్తుంది. యూపీఎస్‌లో పెడితే బల్బు లోపలి కెపాసిటరే ఆ ఖాళీని పూడ్చేస్తుంది. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల మీద కొన్ని బల్బులు వణుకుతాయి, సన్నగా గీపెడతాయి. సైన్ వేవ్ అయితే ఆ గోల లేదు.

బల్బులు ఇన్వర్టరు మీద ఉండి రౌటరు మామూలు ప్లగ్గు మీద ఉంటే మాత్రం బల్బులు వెలుగుతూ ఉన్నా మాట వినవు. రౌటరు అడాప్టరు మీద 12 వోల్టులని ఉంటే దానికి సరిపడే మినీ యూపీఎస్ ఒకటి పెట్టండి. ఆంపియర్లు ఒకటా, ఒకటిన్నరా, రెండా అన్నది చూసి అంతకు తగ్గనిదే కొనాలి. తక్కువది తగిలిస్తే సరిగ్గా కరెంటు పోయిన క్షణంలోనే రౌటరు రీస్టార్టవుతుంది, కొన్నదానికి అర్థమే ఉండదు.

జిగ్‌బీ

అయిదారు బల్బులు దాటి, మోషన్ సెన్సర్లూ తలుపు సెన్సర్లూ కూడా పెట్టాలనుకునే ఇంటికి మా ఓటు దీనికే. జిగ్‌బీ కూడా 2.4 లోనే పనిచేస్తుంది, కానీ వేగం చాలా తక్కువ, 250 కిలోబిట్లు. ఒక బల్బుకి వెలుగు, ఆరు, తగ్గు అని చెప్పడానికి అంతకన్నా అక్కర్లేదు. అసలు గొప్ప ఏమిటంటే కరెంటు మీద ఉండే ప్రతి బల్బూ పక్క బల్బుకి కబురు చేరవేస్తుంది. హాల్లో హబ్, నడవలో ఒక బల్బు, బెడ్‌రూంలో ఇంకోటి ఉంటే, బీరువా అడ్డొచ్చినా నడవ బల్బు మీదుగా మాట చేరిపోతుంది. వైఫైలో ప్రతి బల్బూ రౌటరును తానే అందుకోవాలి. ఇందులో పక్కవాడి చెయ్యి అందితే చాలు.

దాని బలహీనతా అక్కడే. నడవ బల్బును ఎవరో గోడ స్విచ్చితో ఆపేస్తే దాని మీద ఆధారపడ్డ లోపలి బల్బులకూ సెన్సర్లకూ దారి తెగుతుంది. బల్బులు కాసేపటికి వేరే దారి వెతుక్కుంటాయి. బ్యాటరీ సెన్సర్లు కొన్ని గంటల తరబడి మూగబోతాయి. పడుకునే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ ఆపే అలవాటు మన ఇళ్లలో పోయేది కాదు, పోవాలని అడగడం కూడా న్యాయం కాదు. కాబట్టి దారిలో ఉండే బాధ్యత బల్బుకి ఇవ్వకండి. ఎప్పుడూ వేసే ఉండే ప్లగ్గులో ఒక జిగ్‌బీ స్మార్ట్ ప్లగ్గు పెట్టండి. ఫ్రిజ్ వెనకది అందుకు మంచి చోటు, ఫ్రిజ్ స్విచ్చిని ఎవరూ ముట్టుకోరు. అయితే ఫ్రిజ్ తీగని ఆ ప్లగ్గు గుండా పంపకండి. టూ-వే సాకెట్‌లో పక్కన ఖాళీగా ఉన్నదాంట్లో పెడితే చాలు.

ఛానల్ మొదటి రోజే తేల్చుకోవాలి. జిగ్‌బీకి 11 నుంచి 26 దాకా పదహారు ఛానళ్లు. వైఫై 1 ఆక్రమించేది దాదాపు 2401 నుంచి 2423 మెగాహెర్ట్జ్, 6 అయితే 2426 నుంచి 2448, 11 అయితే 2451 నుంచి 2473. జిగ్‌బీ 15 ఉండేది 2425 దగ్గర, 20 ఉండేది 2450 దగ్గర, 25 ఉండేది 2475 దగ్గర. అంటే ఈ మూడూ వైఫై గుంపుల సందుల్లో నిలబడతాయి. మీ వైఫై 1 మీదో 6 మీదో ఉంటే జిగ్‌బీని 25 మీద పెట్టండి. 26 ఖాళీగా కనిపించినా వద్దు, కొన్ని పరికరాలు అక్కడ గొంతు తగ్గించి మాట్లాడతాయి, కొన్ని అసలు మాట్లాడవు. ముప్పై పరికరాలు కలిపాక ఛానల్ మారిస్తే కొన్నింటిని మళ్లీ జత చేయాల్సి రావచ్చు. హ్యూ బల్బుల హబ్ అయిన హ్యూ బ్రిడ్జిలో మాత్రం యాప్‌లోంచే మార్చుకోవచ్చు, అది 11, 15, 20, 25లలో ఒకటి ఎంచుకుంటుంది.

హబ్‌గా ఏది? హ్యూ బ్రిడ్జి ఖరీదు ఎక్కువ, గోల తక్కువ. తెల్లటి చదరపు బ్రిడ్జి యాభై బల్బుల దాకా మోస్తుంది, ఒక ఫ్లాటుకి అది చాలా ఎక్కువే. దాన్ని రౌటరుకు లాన్ కేబుల్‌తో కలపాలి. రౌటరు పక్కనే ఆనించి పెట్టకండి, ఒక మీటరు జరపండి. బంతిలా ఉండే నాలుగో తరం ఎకో స్పీకరు ఇప్పటికే ఇంట్లో ఉంటే దాంట్లోనే జిగ్‌బీ హబ్ ఉంది. అయిదారు బల్బులకు వేరే పెట్టె కొననక్కర్లేదు. కాస్త కంప్యూటర్ చేయి తిరిగినవాళ్లయితే ఒక యూఎస్‌బీ జిగ్‌బీ డాంగిల్, దాని మీద హోమ్ అసిస్టెంట్. దాదాపు ఏ కంపెనీ జిగ్‌బీ బల్బయినా కలుస్తుంది, క్లౌడ్ జోలి లేదు. ఒకే జాగ్రత్త: డాంగిల్‌ని ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటరుకుండే నీలం రంగు యూఎస్‌బీ 3 సాకెట్‌లో నేరుగా గుచ్చితే, ఆ సాకెట్టే 2.4లో రొద పుట్టించి డాంగిల్ చెవులు మూస్తుంది. పక్క గదిలో బల్బు కూడా అందకుండా పోతుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి యూఎస్‌బీ 2 సాకెట్‌లో పెడితే అదే డాంగిల్ ఇల్లంతా అందుకుంటుంది. డాంగిల్ మంచిది కాదని తిట్టుకునేవాళ్లలో చాలామందికి లేనిది ఆ కేబులే.

జత చేసేటప్పుడు బల్బులన్నీ హబ్ దగ్గరికి తెచ్చి ఒకేచోట కలిపి, తర్వాత గదుల్లో బిగించడం వద్దు. హబ్‌కి దగ్గర హోల్డరుతో మొదలుపెట్టి, ఎక్కడిది అక్కడే ఉంచి, బయటికి పోతూ కలపండి. ఆ రోజు రాత్రికి స్విచ్చులన్నీ వేసే ఉంచండి, దారులు కుదురుకుంటాయి.

మ్యాటర్, థ్రెడ్

గవర్నర్‌పేట ఎలక్ట్రికల్ షాపుకెళ్లి ‘థ్రెడ్ బల్బు ఉందా అండీ’ అంటే మరలున్న ఇ27 బల్బు తీసి చేతిలో పెడతారు. వాళ్ల తప్పేం లేదు, మన దగ్గర థ్రెడ్ అంటే హోల్డర్ మరే. ‘మ్యాటర్ బల్బు’ అంటే ‘ఏం మేటరు సార్?’ అని ఎదురు అడుగుతారు. ఈ రెండూ ప్రస్తుతానికి ఆన్‌లైన్లో చూసుకుని కొనే సరుకే.

మ్యాటర్ రేడియో కాదు, భాష. 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ వచ్చింది. అంతకుముందు జిగ్‌బీ అలయన్స్‌గా ఉండి 2021లో పేరు మార్చుకున్న సంస్థే దాన్ని తెచ్చింది. దీని లాభం: ఒకే బల్బు అలెక్సాలోనూ, గూగుల్ హోమ్‌లోనూ, ఆపిల్ హోమ్‌లోనూ ఒకేసారి ఉండొచ్చు, ఆదేశం ఇంటి నెట్‌వర్కు లోపలే తిరుగుతుంది. డబ్బా మీద మ్యాటర్ గుర్తు చూసి సంబరపడే ముందు కింద చిన్న అక్షరాలు చదవండి. ‘మ్యాటర్ ఓవర్ వైఫై’ అయితే పైన చెప్పిన వైఫై కష్టాలన్నీ యథాతథం. పైగా రౌటర్లో ఐపీవీ6 సరిగ్గా నడవాలి. ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగు వల్ల బల్బు ఒక ఫోనుకు కనపడి ఇంకో ఫోనుకు కనపడకపోవడం కూడా ఉంది. అలా అయితే దాన్ని ఆపి చూడండి.

‘మ్యాటర్ ఓవర్ థ్రెడ్’ అయితే అది జిగ్‌బీ వాడే రేడియో రకమే, బల్బు నుంచి బల్బుకి కబురు కూడా ఉంది. కానీ దానికి ఇంట్లో థ్రెడ్‌నీ ఇంటి నెట్‌వర్కునీ కలిపే బోర్డర్ రౌటర్ ఒకటి కావాలి: ఆపిల్ హోమ్‌పాడ్ మినీ, రెండో తరం నెస్ట్ హబ్, నాలుగో తరం ఎకో లాంటిది. అది లేకుండా థ్రెడ్ బల్బు కొంటే ఖరీదైన మామూలు బల్బు కొన్నట్టు. ఉన్నవాళ్లకు కూడా ఒక మాట: రెండు కంపెనీల బోర్డర్ రౌటర్లుంటే రెండు వేర్వేరు థ్రెడ్ నెట్‌వర్కులు తయారై బల్బులు చీలిపోవచ్చు. ఏదో ఒకదానితో మొదలుపెట్టి దాంతోనే ఉండండి. జత చేసే కోడ్ 11 అంకెలు, క్యూఆర్ బల్బు నడుముకే అతికించి ఉంటుంది. హోల్డర్లో బిగించే ముందే ఫోటో తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత నిచ్చెన మీద నిలబడి మెడ వంచి చదవాల్సిన అవసరం రాదు.

బ్లూటూత్ మాత్రమే ఉన్న చవక బల్బులు బెడ్ ల్యాంపుకి సరే. గది దాటితే పలకవు. జెడ్-వేవ్ అనే ఇంకో రేడియో రకాన్ని వదిలేయండి. అది దేశానికో ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుంది, మనది 865 మెగాహెర్ట్జ్ దగ్గర. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే 908 సరుకు ఇక్కడి హబ్‌తో కలవదు, ఇక్కడ వాడకూడదు కూడా.

బల్బా, స్విచ్చా?

నిజం చెప్పాలంటే వంటిల్లు, బాత్‌రూం, బాల్కనీలకు స్మార్ట్ బల్బు దండగ. అక్కడ కావలసింది రంగు కాదు, ఆన్-ఆఫ్. బోర్డు వెనక చిన్న రిలే మాడ్యూల్ పెట్టిస్తే గోడ స్విచ్చి కూడా ఎప్పటిలా పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది, ఎవరు ఏది ముట్టుకున్నా తగాదా లేదు. దానికి బోర్డులో న్యూట్రల్ ఉండాలి. మన బోర్డుల్లో ప్లగ్గు సాకెట్ ఉంటుంది కాబట్టి న్యూట్రల్ కూడా మామూలుగా ఉంటుంది, ఒట్టి స్విచ్చి బాక్సుల్లోనే చూసుకోవాలి. మెట్ల దగ్గర టూ-వే స్విచ్చి అయితే టూ-వేకి పనికొస్తుందని రాసి ఉన్న మాడ్యూలే తీసుకోవాలి. గోడలో పాతిన బాక్సు ఇనపదైతే సిగ్నల్ సగం మింగేస్తుంది, జిగ్‌బీ అయితే దగ్గర్లో ఇంకో పరికరం ఉండేలా చూసుకోండి. గీజరుకి పది ఆంపియర్ల మాడ్యూల్ పెట్టకండి, 16 రాసి ఉన్నదే. ఫ్యాన్ రెగ్యులేటరు లైను మీదా, డిమ్మరు మీదా స్మార్ట్ బల్బు బిగించకండి, లోపల ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు అందించే సర్క్యూటు, అంటే డ్రైవరు, నిలవదు. ఇవన్నీ మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ చేత చేయించాల్సిన పనులు.

హాలుకీ బెడ్‌రూముకీ బల్బే బాగుంటుంది. అక్కడ వెలుతురు తగ్గించుకోవడం, పసుపుకి మార్చుకోవడం రోజూ ఉంటుంది. 9 వాట్ల బల్బు దాదాపు 800 ల్యూమెన్లు ఇస్తుంది, అదీ తెలుపులో. ఎరుపో నీలమో పెడితే లోపల ఆ రంగు చిప్పులే వెలుగుతాయి కాబట్టి కాంతి బాగా పడిపోతుంది. ట్యూబులైటుకి బదులు ఒక్క స్మార్ట్ బల్బు పెట్టి గది చీకటిగా ఉందనుకోవడం బల్బు తప్పు కాదు.

ఎండాకాలం విషయం బెజవాడవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, మూత ఉన్న గాజు గ్లోబుల్లో స్మార్ట్ బల్బు పెట్టకండి. గదే నలభై డిగ్రీలున్నప్పుడు గ్లోబు లోపల వేడి ఇంకా చాలా పైన ఉంటుంది. డ్రైవర్లోని కెపాసిటరు ఆయుష్షు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాదాపు సగమవుతుంది. స్మార్ట్ బల్బులో రేడియో ఎప్పుడూ మేలుకునే ఉంటుంది కాబట్టి ఆరినప్పుడూ పూర్తిగా చల్లారదు. బాల్కనీలో జల్లు కొట్టే చోట అసలు వద్దు.

ఆరి ఉన్నప్పుడు తినే కరెంటు గురించి భయం మాత్రం అక్కర్లేదు. బల్బుకి అర వాటు లెక్కేసినా నెలకు 0.36 యూనిట్లు. పది బల్బులకు మూడున్నర పైచిలుకు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకు ₹22.

కొనేటప్పుడు డబ్బా మీద ‘R-’తో మొదలయ్యే బీఐఎస్ నంబరు, దాని పక్కన ఎనిమిది అంకెలు ఉన్నాయో లేదో చూడండి. వోల్టేజి పరిధి కూడా చదవండి. 220–240 అని ఉన్నదాని కంటే కిందికీ పైకీ ఎక్కువ తట్టుకునేది మన లైన్లకు మంచిది. ముందు ఒకటే కొని, అన్నిటికంటే దూరంగా ఉన్న గదిలో పెట్టి, మెయిన్ స్విచ్చి మూడుసార్లు వేసి తీసి, వెనక్కిచ్చే గడువు లోపలే దాని తీరు చూసి, తర్వాత మిగతావి తెప్పించుకోండి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బల్బులు తీసుకెళ్లినా, వదిలేసి వెళ్లినా, ఎవరికైనా అమ్మినా, ముందు యాప్‌లో వాటిని డిలీట్ చేయండి. కొన్ని బల్బులు పాత అకౌంటుకే తాళం వేసుకుని ఉంటాయి. స్విచ్చి ఎన్నిసార్లు కొట్టి రీసెట్ చేసినా కొత్తవాళ్ల ఫోన్లో చేరవు. మీ అకౌంట్ పోతే ఆ తాళం తీయించడానికి కంపెనీకి బిల్లు చూపించాల్సి రావచ్చు, కాబట్టి బిల్లు ఫోటో కూడా ఆ క్యూఆర్ ఫోటో పక్కనే పెట్టుకోండి.